టవర్ ఆఫ్ గాడ్ సీజన్ 1: కన్ఫ్యూజ్ అవ్వకుండా ఎలా చూడాలి

టవర్ ఆఫ్ గాడ్ అనే యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) మొదలెట్టి 3వ ఎపిసోడ్‌కో 4వ ఎపిసోడ్‌కో "ఏంట్రా ఇది, ఒక్క ముక్క అర్థం కావట్లా" అని వదిలేసినోళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లదేం తప్పు లేదు, ఎందుకంటే దీనికి మూలం ఒక వెబ్‌టూన్, అంటే ఫోన్‌లో స్క్రోల్ చేస్తూ చదివే కొరియన్ కామిక్, దాని మొదటి సీజన్ మొత్తం, ప్రోలాగ్‌తో కలిపితే దాదాపు 80 చాప్టర్లు, దాన్ని తీసుకొచ్చి 13 ఎపిసోడ్లలో కుక్కారు. మరి అంత కుక్కినప్పుడు ఏం పోతుందంటే వివరణలు పోతాయి, కథ మాత్రం పరిగెడుతుంటది. కాబట్టి చూసే పద్ధతి కొంచెం మార్చుకుంటే ఇదే సీజన్ భలే ఎక్కుతుంది.

ఆ పద్ధతి ఏంటంటే, ఎవడికి ఎంత పవర్ ఉంది అని చూడొద్దు. ఎవడికి ఏం తెలుసు, ఎవడు ఏం దాస్తున్నాడు, అది చూడండి. అంతే. ఈ సీజన్లో టవర్ ఎక్కేవాళ్లకి పెట్టే ప్రతి టెస్ట్ గెలిచేది బలం వల్ల కాదు, ఎదుటోడు చెప్పిన రూల్‌ని సరిగ్గా విన్నోడే గెలుస్తాడు. మామూలు ఫైటింగ్ యానిమే అనుకుని కూర్చుంటే మాత్రం సగం ఎపిసోడ్లలో "ఫైట్ ఎప్పుడు" అని ఎదురుచూస్తూనే ఉంటారు.

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్. ఎస్‌ఐయూ అనే కలం పేరుతో ఒక కొరియన్ ఆర్టిస్ట్ 2010లో నేవర్ వెబ్‌టూన్ అనే కొరియా సైట్‌లో ఈ కామిక్‌ని మొదలుపెట్టాడు, ఇంగ్లీష్‌లో అఫీషియల్‌గా 2014 నుంచి వస్తోంది. యానిమే 2020 ఏప్రిల్ 1న మొదలై జూన్ 24న అయిపోయింది, చేసింది జపాన్ స్టూడియో టెలికామ్ యానిమేషన్ ఫిల్మ్, డైరెక్టర్ తకాషి సానో, క్రంచీరోల్ అనే యానిమే స్ట్రీమింగ్ సైట్‌లో ఒరిజినల్‌గా వచ్చింది. కొరియన్ కథ, జపనీస్ యానిమేషన్, అందుకే పాత్రల పేర్లు జపనీస్‌లా ఉండవు, ఓపెనింగ్, ఎండింగ్ పాటలు రెండూ స్ట్రే కిడ్స్ అనే కొరియన్ పాప్ బ్యాండ్ వాళ్లు పాడారు. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కెవిన్ పెంకిన్‌ది, దయచేసి ఫోన్ స్పీకర్‌లో వినకండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

కథ మొదలు సింపులే. బామ్ అనే కుర్రాడు చీకట్లో ఒంటరిగా పెరిగాడు, వాడికి తెలిసిన మనిషి రేచల్ ఒక్కతే. ఆ అమ్మాయి నక్షత్రాలు చూడాలని టవర్‌లోకి వెళ్లిపోతుంది, వీడు వెనకాలే పరిగెడతాడు. టవర్ పైకి ఎక్కినోడికి ఏది కావాలంటే అది దొరుకుతుందని చెప్తారు, కానీ వీడికి టవర్ అక్కర్లేదు, రేచల్ కావాలి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మిగతా అందరూ ఏదో ఒకటి సాధించాలని ఎక్కుతుంటే వీడొక్కడే మనిషి కోసం ఎక్కుతున్నాడు, అందుకే వీడి నిర్ణయాలు మిగతావాళ్లకి పిచ్చిగా కనిపిస్తాయి, కొన్నిసార్లు మనకి కూడా.

చూడ్డం మొదలెట్టే ముందు కొన్ని పదాలు తెలిసుంటే చాలు. షిన్సు అంటే టవర్ అంతా నిండి ఉండే ఒక శక్తి, గాలిలా నీళ్లలా ఉంటుంది అనుకోండి, అంతకంటే లోతుగా మొదటి సీజన్లో ఎవరూ మీకు చెప్పరు, మీరూ తవ్వొద్దు. టవర్ ఎక్కడానికి సెలెక్ట్ అయినవాళ్లు రెగ్యులర్స్, పైదాకా ఎక్కేసి ఇప్పుడు టెస్టులు పెట్టేవాళ్లు ర్యాంకర్స్. ఎవరూ పిలవకుండా తలుపు తనంతట తనే తెరుచుకుని వచ్చినవాడు ఇర్రెగ్యులర్, బామ్ ఆ టైపు, అందుకే వాడిని చూసి పెద్దోళ్లు ఉలిక్కిపడుతుంటారు. జహాడ్ అంటే టవర్‌కి రాజు. జహాడ్ యువరాణులు అంటే ఆయన సొంత కూతుళ్లు కాదు, ఎంపిక చేసి దత్తత తీసుకుని ఆయన శక్తిలో కొంత ఇచ్చిన అమ్మాయిలు, వాళ్లకి పెళ్లి, ప్రేమ లాంటివి నిషేధం. ఈ నిషేధం సంగతి మర్చిపోతే అనాక్ అనే అమ్మాయి కథ అస్సలు తలకెక్కదు. ఇక బ్లాక్ మార్చ్, గ్రీన్ ఏప్రిల్ అని వినిపిస్తే అవి 13 నెలల సిరీస్ అనే ఆయుధాల్లోవి, యువరాణుల దగ్గర ఉండాల్సినవి. అలాంటిది యూరి అనే యువరాణి మొదటి ఎపిసోడ్‌లోనే తన బ్లాక్ మార్చ్‌ని ఊరూపేరూ లేని బామ్ చేతిలో పెట్టేస్తుంది, అది ఎంత పెద్ద విషయమో అప్పుడు అర్థం కాదు, 4వ ఎపిసోడ్‌లో గ్రీన్ ఏప్రిల్ ఎదురుపడ్డాక తెలుస్తుంది.

సబ్‌టైటిల్స్‌లో ఒక స్పెల్లింగ్, వెబ్‌టూన్‌లో ఇంకో స్పెల్లింగ్ కనిపిస్తుంది కొన్ని పేర్లకి, కంగారు పడకండి, మనిషి ఒక్కడే.

ఇప్పుడు ఎలా విడగొట్టుకుని చూడాలో చెప్తా. మొత్తం కలిపితే 5 గంటల పైచిలుకు, ఒక్క రోజులో అయిపోతుంది కానీ అలా చూడొద్దనే అంటా.

1 నుంచి 3 దాకా ఒకేసారి చూసేయండి. మొదటిది కింది అంతస్తులో హెడన్ అనే కాపలాదారు పెట్టే టెస్ట్, రెండో దాంట్లో 400 మందిని వదిలి 200 మంది మిగిలేదాకా కొట్టుకోమంటారు, వెంటనే ముగ్గురేసి టీమ్ కట్టమంటారు. ఇక్కడే ఖున్, రాక్ తగులుతారు. ఖున్ నీలం జుట్టోడు, తెలివి ఎక్కువ, నమ్మకం తక్కువ. రాక్ పెద్ద మొసలి లాంటి వాడు, కనబడ్డ ప్రతివాడినీ తాబేలు అని పిలుస్తాడు, వాడి గొంతు జపనీస్ ఆడియోలో కెంటా మియాకే ఇచ్చాడు, వాడికోసమైనా జపనీస్‌లో చూడమంటా (ఇంగ్లీష్ డబ్ కూడా ఉంది, సబ్‌టైటిల్స్ చదవడం చిరాకనిపించేవాళ్లు అది పెట్టుకోండి, పాపం ఏం లేదు). 3వ ఎపిసోడ్‌లో తలుపుల టెస్ట్ వస్తుంది, అక్కడ ఒక్కసారి పాజ్ కొట్టి మీరే ఆలోచించండి, పరీక్ష పెట్టినవాడు ఏమన్నాడు, ఏం అనలేదు అని. జవాబు తెలిశాక ఈ షో మీ నుంచి ఏం ఆశిస్తోందో మీకే తెలిసిపోతుంది. ఆ టెస్ట్ నచ్చకపోతే మిగతా సీజన్ కూడా నచ్చకపోవచ్చు, అక్కడ ఆపేసినా పర్లేదు.

4, 5 కలిపి చూడాలి, మధ్యలో ఆపొద్దు. కిరీటం ఆట అది. ఒక కిరీటం, ఒక సింహాసనం, చివరిదాకా నిలబెట్టుకున్న టీమ్ మిగతా టెస్టులు రాయక్కర్లేకుండా నేరుగా పైకి వెళ్లొచ్చు. సీజన్ మొత్తంలో యాక్షన్ పరంగా నాకు బాగా నచ్చింది ఇదే. కానీ కొట్టుకునేవాళ్లని మాత్రమే చూసి వదిలేయకండి, ఎవరి మొహం దాచి ఉంది, ఎవరు ఎవరిని కాపాడుతున్నారు, బామ్ చూపు ఎటు పోతోంది అని కూడా చూడండి.

6వది చూస్తుంటే బోర్ అనిపిస్తుంది, క్లాసులు, ట్రైనింగ్, పరిచయాలు. అయినా స్కిప్ చేయొద్దు, ఎందుకంటే ఐదు పొజిషన్లు ఇక్కడే వస్తాయి, ఇవి తెలియకపోతే తర్వాత ఎవడు ఎందుకు ఎక్కడ నిలబడ్డాడో తెలీదు. ఫిషర్‌మ్యాన్ ముందుండి దగ్గర్నుంచి కొట్టేవాడు, అనాక్, ఎండోర్సి అనే జహాడ్ యువరాణి ఇద్దరూ ఇదే. స్పియర్ బేరర్ దూరం నుంచి విసిరేవాడు, రాక్. లైట్ బేరర్ అంటే లైట్‌హౌస్ అనే వెలిగే పెట్టెల్ని ఆడిస్తూ సమాచారం నడిపేవాడు, ఖున్. స్కౌట్ ముందుకెళ్లి పరిస్థితి చూసొచ్చేవాడు, షిబిసు అనే ఇంకో రెగ్యులర్. వేవ్ కంట్రోలర్ షిన్సుని నేరుగా వాడేవాడు, మన బామ్. మొదట్లో నేను చెప్పిన సంగతి ఇక్కడ ఇంకా బలపడుతుంది, టీమ్‌లో అన్నీ తెలిసుండేది లైట్ బేరర్‌కే, అంటే కత్తి పట్టినోడి కంటే వాడే డేంజర్.

7 నుంచి 10 దాకా రెండు రోజులుగా విడగొట్టుకున్నా పర్లేదు. క్వాంట్ అనే ర్యాంకర్‌తో రెండు టీములు ఆడే ట్యాగ్ ఆట ఉంటుంది, ఖున్ ప్లాన్ ఒకటి ఉంటుంది, ఆ ప్లాన్ వివరాలు యానిమేలో చకచకా అయిపోతాయి. వెబ్‌టూన్‌లో ఈ భాగం తీరిగ్గా ఉంటుంది, ఇక్కడ అర్థం కాకపోతే ఆ చాప్టర్లు చదువుకోండి, సీజన్ మొత్తంలో వెబ్‌టూన్ సాయం నిజంగా కావాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం. ఎండోర్సిని కూడా ఇక్కడ కాస్త గమనించండి, పొగరు అనుకుంటాం కానీ లోపల వేరే లెక్క ఉంది.

11, 12, 13 మాత్రం ఒకే సిట్టింగ్. పన్నెండు చూసి పడుకుంటాం రేపు చూద్దాం అంటే నిద్ర పట్టదు మీకు. నీళ్ల అడుగున జరిగే ఆఖరి టెస్ట్ అది, ఇంతకంటే ఒక్క ముక్క చెప్పను. ఇది చూసేదాకా రేచల్ పేరు ఎక్కడా సెర్చ్ చేయకండి, వీడియో థంబ్‌నెయిల్స్ కూడా చూడకండి, ఈ ఫ్యాన్స్ అందరూ ఆ పేరు వినగానే పూనకం వచ్చినట్టు ఊగిపోతారు, ఎందుకో మీకూ తెలుస్తుంది కానీ ముందే తెలిస్తే సీజన్ సగం పోయినట్టే. 13వ ఎపిసోడ్ కథని వేరే వైపు నుంచి మళ్లీ చూపిస్తుంది, అది అయిపోగానే ఫోన్ పక్కన పడేయకుండా మొదటి ఎపిసోడ్ మొదటి పది నిమిషాలు మళ్లీ పెట్టండి. ఒక్కో డైలాగ్ వేరేగా వినిపిస్తది.

బొమ్మ గురించి ఒక మాట. గీతలు మందంగా, స్కెచ్ వేసినట్టు ఉంటాయి, కొందరికి బడ్జెట్ తక్కువ అనిపిస్తుంది, నాకైతే ఆ గరుకుతనం నచ్చింది, వెబ్‌టూన్ తొలి రోజుల గీతకి దగ్గరగా ఉంటుంది. అయితే ఫైట్లు అన్నీ ఒకే రేంజ్‌లో ఉండవు, అది ఒప్పుకోవాలి.

ఇక సీజన్ అయిపోయాక వెబ్‌టూన్ ఎక్కడ్నుంచి చదవాలి అని అందరూ అడుగుతారు. లెక్క ఈజీ, యానిమే సీజన్ 1 ఆగిన చోటే వెబ్‌టూన్ సీజన్ 1 కూడా ఆగుతుంది, కాబట్టి నేరుగా సీజన్ 2 మొదటి చాప్టర్ తెరవొచ్చు. కానీ నా మాట వింటే మొదటి నుంచి చదవండి, షిన్సు గురించి, ర్యాంకర్స్ గురించి, చిన్న చిన్న పాత్రల గురించి యానిమే దాటేసినవి చాలా ఉన్నాయి, అవి తర్వాత పనికొస్తాయి. తొలి చాప్టర్ల ఆర్ట్ చూసి భయపడకండి, 2010 నాటి గీత అది, పోనుపోను చాలా మారిపోతుంది. ఫోన్‌లో పైనుంచి కిందకి స్క్రోల్ చేసేలా గీసినది కాబట్టి ఫోన్‌లోనే చదవండి, కంప్యూటర్‌లో ఆ ఊపు రాదు.

చదివే ఓపిక లేదు యానిమేనే చాలు అంటే రెండో సీజన్ 2024 జూలైలో మొదలైంది, స్టూడియో మారింది, ది ఆన్సర్ స్టూడియో చేసింది, బొమ్మ కూడా వేరేగా ఉంటుంది. మధ్యలో కొన్నేళ్లు గడిచిపోయి ఉంటాయి, వాంగ్నాన్ అనే కొత్త కుర్రాడితో మొదలవుతుంది, పాతవాళ్లు వెంటనే కనిపించరు. "తప్పు షో పెట్టానా" అని వెనక్కి వెళ్లి చెక్ చేసుకోకండి, కరెక్ట్‌గానే పెట్టారు, చూస్తూ ఉండండి.