కారు బానెట్ స్విచ్‌ను పరీక్షించడం ఎలా?

బానెట్ మూసి ఉన్నా అది తెరిచి ఉన్నట్టు డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలుగుతున్నా, కారణం లేకుండా అలారం మోగుతున్నా, ఆటో స్టార్ట్-స్టాప్ (కారు ఆగినప్పుడు ఇంజిన్‌ను ఆపి, మళ్లీ తనే స్టార్ట్ చేసే ఏర్పాటు) పనిచేయడం మానేసినా, బానెట్ లాక్ దగ్గరుండే చిన్న స్విచ్‌ను ఒకసారి పరీక్షించాలి. బానెట్ మూసినప్పుడు లాక్ కొక్కెం తిరిగి ఈ స్విచ్‌ను నొక్కుతుంది. అప్పుడు మారే విద్యుత్ సంకేతాన్ని బట్టి బానెట్ మూసి ఉందో లేదో బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లు, లాకులు, అలారం వంటివాటిని నడిపే కారులోని చిన్న కంప్యూటర్) తెలుసుకుంటుంది. బానెట్ తెరిచి ఉంటే రిమోట్ స్టార్ట్‌నూ, ఇంజిన్ తనంతట తాను తిరిగి స్టార్ట్ కావడాన్నీ అది అడ్డుకుంటుంది. బెల్టు దగ్గర చేయి పెట్టిన మనిషికి ఇదే రక్షణ.

1. ఇంజిన్ ఆపి, చల్లారనివ్వండి. రేడియేటర్ ఫ్యాన్ ఆ తర్వాత కూడా తిరగవచ్చు కనుక చేతులు దూరంగా ఉంచండి.

2. లాక్ చుట్టూ పేరుకున్న మట్టిని, గట్టిపడిన పాత గ్రీజును తుడిచి, వైర్లను ఎలుకలు కొరికాయేమో చూడండి. చాలాసార్లు సమస్య ఇక్కడే తీరిపోతుంది.

3. బానెట్ ఎత్తే ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, స్క్రూడ్రైవర్‌తో లాక్ కొక్కేన్ని మూసిన స్థితికి తిప్పండి. డ్యాష్‌బోర్డు మీది హెచ్చరిక ఆరిపోతే స్విచ్ బాగానే ఉన్నట్టు. అప్పుడు బానెట్ సరిగ్గా కూర్చోవడం లేదేమో, దాని కింది రబ్బరు బుడిపెల ఎత్తు సరిగా ఉందో లేదో చూడాలి. పరీక్ష అయ్యాక లీవర్ లాగి కొక్కేన్ని తప్పక విడిపించండి; అలా చేయకుండా బానెట్ దించితే లాక్ వంగిపోవచ్చు.

4. హెచ్చరిక ఆరకపోతే, ఇగ్నిషన్ ఆపి, స్విచ్ కనెక్టర్‌ను ఊడదీసి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో (విద్యుత్ నిరోధాన్ని కొలిచే సెట్టింగులో) పెట్టి స్విచ్ వైపు పిన్నుల మధ్య కొలవండి. కొక్కెం తిప్పినప్పుడల్లా రీడింగ్ మారాలి. నొక్కినప్పుడు సర్క్యూట్ కలవాలా, తెగాలా అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. అసలే మారకపోతే స్విచ్ పాడైనట్టే. మామూలు స్విచ్‌కు బదులు హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని బట్టి పనిచేసే ఎలక్ట్రానిక్ సెన్సర్) ఉన్న కార్లకు ఈ కొలత పనికిరాదు. దాన్ని స్కానర్‌తో (కారు కంప్యూటర్‌కు తగిలించి సమాచారం చదివే పరికరంతో) చూడాలి.

స్విచ్ బాగుండి కూడా హెచ్చరిక పోకపోతే లోపం వైరింగ్‌లో ఉండవచ్చు కనుక ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. రెండు వైర్లను కలిపేసి హెచ్చరికను ఆపుకోవడం మాత్రం ఎంతమాత్రం సరికాదు. బానెట్ తెరిచి ఉన్నా మూసి ఉందనుకుని కారు ఇంజిన్‌ను స్టార్ట్ చేసే ప్రమాదం ఉంది. చాలా మోడళ్లలో ఈ స్విచ్ లాక్‌తో కలిసే వస్తుంది కాబట్టి, కొనే ముందు విడిగా దొరుకుతుందో లేదో పార్ట్ నంబరుతో అడిగి తెలుసుకోండి.