పాత వెండింగ్ మెషిన్ కొంటున్నారా? ఖాతా మారేదాకా డబ్బు చేతిలో పెట్టకండి

అమీర్‌పేటలో హాస్టల్ కింద షాపు నడిపే ఒకతను ఎండాకాలం గిరాకీ చూసుకుని పోయిన నెల పాత కూల్‌డ్రింక్ మెషిన్ కొన్నాడు. సీసాలు చల్లగానే పడ్డాయి, పిల్లలు క్యూఆర్ స్కాన్ చేసి కొన్నారు. వారం తర్వాత చూసుకుంటే బ్యాంకులో ఒక్క రూపాయీ జమ కాలేదు. అంతా అమ్మినవాడి ఖాతాకే పోయింది. అతను ఫోన్ ఎత్తడం లేదు. ఆ తర్వాత మెషిన్‌ని నడిపే కంపెనీ సర్వర్ చందా గడువు అయిపోయి మెషిన్ కూడా ఆగిపోయింది.

ఇలా నష్టపోయినవాళ్లను ఇంతకుముందూ చూశాను. అందుకే గీతలు, అద్దం పగుళ్ల సంగతి వదిలేస్తున్నాను, అవి మీరే చూసుకుంటారు.

ఈ మెషిన్లలో చాలావాటికి డబ్బు అందిన సంగతి నేరుగా తెలియదు. స్కాన్ చేసిన డబ్బు ముందు రిజిస్టరైన వ్యాపారి ఖాతాలో పడుతుంది. ఆ కబురు కంపెనీ సర్వర్‌కి చేరితే, అక్కడి నుంచి లోపలి సిమ్ ద్వారా ఆర్డర్ వచ్చి మోటారు తిరుగుతుంది. మెషిన్ మీ షాపులో ఉన్నా, సర్వర్‌లో పాత ఓనర్ పేరే ఉంటే రాబడి అతనిదే.

కాబట్టి ముందు ఖాతా, తర్వాతే డబ్బు. వెనక ప్లేటు మీది సీరియల్ నంబరుతో కంపెనీకి మీరే ఫోన్ చేయండి. ఇది ఎవరి పేరున ఉంది, బకాయిలున్నాయా, అద్దెకో వాయిదాలకో ఇచ్చిందా అని అడగండి. అద్దె మెషిన్‌ని సొంతదని చెప్పి అమ్మేవాళ్లుంటారు. ఆదివారం బేరం ముగించకండి, కస్టమర్ కేర్ పనిచేసే రోజే కొనండి. పేరు మారిందని మెయిల్ వచ్చాక మీ ఫోన్‌తో పది రూపాయలు కట్టి చూడండి. యూపీఐ యాప్‌లో మీ పేరో, మీ షాపు పేరో కనబడాలి, డబ్బు మీ ఖాతాలో పడాలి. అప్పుడే సొమ్ము ఇవ్వండి.

ఇంకో పరీక్ష: సరుకుని ముందుకు తోసే స్ప్రింగుల్లో ఖాళీగా ఉన్నదాని నంబరు నొక్కి డబ్బు కట్టండి. సరుకు పడనప్పుడు డబ్బు తిరిగొస్తుందో లేదో తేలిపోతుంది. రాకపోతే రోజూ గొడవలే.

చల్లదనం సంగతి. మీరు వెళ్లేసరికి మెషిన్ చల్లగా ఉంటే నమ్మకండి, రాత్రంతా ఆన్‌లో ఉంచి ఉంటారు. ఆపించి, మామూలు నీళ్ల సీసాలు నిండా పెట్టించి, మధ్యాహ్నం ఎండవేళ మళ్లీ ఆన్ చేయించండి. నాలుగైదు గంటలు పోయాక మధ్య వరస సీసా తీసి థర్మామీటరు పెట్టండి. ఖాళీ మెషిన్ ఏదైనా త్వరగానే చల్లబడుతుంది.

ఇక మిగతావి:

- ప్లేటు మీద 110 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటే వదిలేయండి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, మన కరెంటు 50 హెర్ట్జ్‌ని మార్చదు.
- గ్యాస్ ఆర్-290 అయితే అది ప్రొపేన్, మండుతుంది. దాని పని తెలిసిన మెకానిక్‌నే ముట్టుకోనివ్వండి.
- లోపల 2జీ మోడెమ్ ఉంటే జియో సిమ్ పనికిరాదు.
- నోట్లు తీసుకునే మెషినైతే కొత్త పది, ఇరవై, వంద నోట్లు పెట్టి చూడండి. 2018-19లో ఈ నోట్లు రాకముందు సాఫ్ట్‌వేర్ ఉంటే బయటికి తోసేస్తుంది.
- "ఖాతా రేపు మార్పిస్తా" అంటే డబ్బూ రేపే ఇవ్వండి.
- "ఇదిగో నా లాగిన్, పాస్‌వర్డ్ వాడుకోండి" అంటే ఒప్పుకోకండి. ఆ లాగిన్ వెనకున్న బ్యాంకు ఖాతా అతనిదే.
- ఒరిజినల్ బిల్లు లేకపోతే కొనకండి.
- ఎర్తింగ్ లేని ప్లగ్గులో పెట్టకండి. తడి కారిడార్‌లో అసలే వద్దు.
- గోడకి బిగించండి. సరుకు ఇరుక్కుంటే పిల్లలు ఊపుతారు, మీద పడితే ప్రాణాలకే ముప్పు.
- ఆటోలో పడుకోబెట్టి తేకండి. తప్పక పడుకోబెడితే, దించాక ఒక రోజంతా నిలబెట్టి ఉంచి ఆ తర్వాతే స్విచ్ వేయండి. కంప్రెసర్ ఆయిల్ కిందికి దిగాలి.