పూల చీర బొమ్మకు పైట వడిలిపోతుంటే: నా అనుభవం

బరంపురంలో ప్రదర్శన కోసం తాజా పూలతో పట్టుచీర బొమ్మను చేసినప్పుడల్లా, కుచ్చిళ్ల దగ్గరి చామంతులు నిగనిగలాడుతుండగానే భుజం మీది పైట పూలు మధ్యాహ్నానికే తలలు వాల్చేసేవి. నీళ్లు చల్లడం, తడిగుడ్డ కప్పడం, జిగురుతో అంటించడం ఏవీ ఫలించలేదు. నిలువుగా పేర్చిన ఫోమ్‌లో (కాడలు గుచ్చడానికి వాడే, నీరు పీల్చుకునే మెత్తని ఇటుకల్లో) నీరు కిందికి దిగిపోయి పైభాగం ఎండిపోవడమే అసలు కారణం.

ముందురోజు రాత్రి కాడలను ఏటవాలుగా కోసి, కింది ఆకులు తుంచి, బకెట్లలో నిలబెట్టాను. ఫోమ్ ఇటుకను చేత్తో అదమకుండా నీటిపై వదిలి, దానంతటదే మునగనిచ్చాను. అదిమితే లోపల గాలి చిక్కుకుని నడిమి భాగం పొడిగానే మిగులుతుంది. తరువాత, ఇదే కీలకం, ఒక్కో ఇటుకను విడివిడిగా పల్చటి పాలిథిన్‌లో చుట్టి, పైన వేలు పట్టేంత సందు వదిలి, కోళ్ల గూళ్లకు వాడే తీగ జాలితో బొమ్మకు బిగించి, కాడలను పాలిథిన్‌లోంచే గుచ్చాను. గుచ్చిన కాడను వెనక్కి లాగకూడదు, కొస దగ్గర ఖాళీ ఏర్పడి నీరందదు. ఆ సందులోంచి ఉదయం, సాయంత్రం సిరంజితో నీరు పోశాను. కుంభం అంచుకు (చీరకు గుడి గోపురాల ఆకారంలో ఉండే అంచుకు) మాత్రం కాడలేని బంతిపూలే కుట్టాను. అవి ఎలాగూ అంత త్వరగా వాడవు.

ఇది చలికాలంలో, డేరా నీడలో, చామంతులకు కుదిరిన పద్ధతి. గులాబీలకు, వేసవి వడగాలికి ఇలాగే నిలుస్తుందని మాత్రం చెప్పలేను.