నాయకుడి సొంత సంపాదన ఎక్కడిదో అఫిడవిట్‌లో ఎలా చూడాలి?

"ఆయన రాజకీయాల్లోకి వచ్చిందే కాంట్రాక్టుల కోసం." ఒడిశాలోని మన పర్లాకిమిడిలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఏదో ఒక నాయకుడి గురించి ఈ మాట వినపడుతుంది. ఆ నాయకుడి అఫిడవిట్ తెరిచి చూసినవాళ్లు మాత్రం తక్కువ. చూసినవాళ్లు కూడా ఆస్తి ఎన్ని కోట్లో చూసి మూసేస్తారు. అలా చదవడం దండగ. మనసులో ఏముందో ఏ ఫారమూ చెప్పదు గానీ, డబ్బు ఎటునుంచి వస్తోందో చెబుతుంది.

ముందు ఎన్నికల సంఘం వెబ్‌సైట్ నుంచి ఆయన ఫారం 26, అంటే నామినేషన్‌తో ఇచ్చిన ఆ అఫిడవిట్, దించుకోండి. 2024ది, 2019ది రెండూ కావాలి. ప్రింట్ తీయించాల్సిందే, ఫోన్‌లో చదవొద్దు. రెండూ పక్కపక్కన పెట్టుకుని పెన్సిల్‌తో గీసుకుంటూ చదవాలి. ఒడియాలో ఉందని వదిలేయకండి. ఏ భాషలో రాసినా కాలమ్‌ల వరస ఒకటే, ఒడియా అంకెలు పదీ నేర్చుకుంటే సగం పని అయిపోతుంది.

9వ కాలమ్‌లో అభ్యర్థి వృత్తి, భార్య లేదా భర్త వృత్తి ఉంటాయి. 9ఎలో ఆదాయం వచ్చే దారులు. అక్కడ "వ్యవసాయం, సమాజ సేవ" అని ఉంటే అక్కడే ఆగిపోకండి, వెనక్కి, ఆస్తులు రాసే 7వ కాలమ్‌కు వెళ్లండి. వాహనాల జాబితాలో టిప్పర్లు, జేసీబీ ఉన్నాయా? ఏదైనా కంపెనీలో వాటాలున్నాయా, ఏ సంస్థకైనా అప్పు ఇచ్చారా? అసలు వృత్తి చాలాసార్లు అక్కడ బయటపడుతుంది. 4వ కాలమ్‌లో ఐదేళ్ల ఐటీ రిటర్నుల ఆదాయం ఉంటుంది. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఆ అంకె చిన్నగా ఉన్నంత మాత్రాన దొంగలెక్క అనకండి.

ఇక 9బి. అందరూ తప్పు చేసేది ఇక్కడే, అందుకే నెమ్మదిగా చదవండి. ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టులు ఇందులో చెప్పాలి. అభ్యర్థివే కాదు, భార్యవి, ఆధారపడినవాళ్లవి, ఆయన భాగస్వామిగా ఉన్న సంస్థలవి, వాటా ఉన్న ప్రైవేటు కంపెనీలవి కూడా. 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చిన కాలమ్ ఇది.

మా వీధి కుర్రాడొకడు ఇందులో ఒక నాయకుడి భార్య పేరు చూసి, "పదవి పోయినట్టే" అని వాట్సాప్‌లో పెట్టేశాడు. పోదు. కాంట్రాక్టుల వల్ల పదవి పోగొట్టేది ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 9ఎ సెక్షన్. ఫారంలోని 9ఎ కాలమ్ వేరు, ఆ సెక్షన్ వేరు. ఆ సెక్షన్ ప్రకారం అనర్హత రావాలంటే కాంట్రాక్టు ఆయనే స్వయంగా కుదుర్చుకుని ఉండాలి. తన వ్యాపారంలో భాగంగా ప్రభుత్వానికి సరుకు ఇవ్వడానికో పని చేయడానికో అయి ఉండాలి, ఇంకా నడుస్తూ ఉండాలి. ఎమ్మెల్యేకైతే రాష్ట్ర ప్రభుత్వంతో, ఎంపీకైతే కేంద్రంతో చేసుకున్నదే లెక్క. తన వంతు పని పూర్తి చేసేసి బిల్లు మాత్రమే రావాల్సి ఉంటే అదీ లెక్కలోకి రాదు.

కాబట్టి 9బిలో పేరు కనిపిస్తే నేరం అనొద్దు, ప్రశ్న అనండి. కుటుంబానికి ఆ పని ఎప్పుడు దక్కింది, ఆయన పదవిలోకి వచ్చాకేనా? నేనైతే ఈ ప్రశ్నకే ఎక్కువ విలువ ఇస్తాను. చట్టం పట్టించుకోకపోయినా ఓటరు పట్టించుకోవాల్సిన సంగతి ఇది. బయట పని చేయడమే తప్పు అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఎమ్మెల్యేలు, ఎంపీలు లాయర్లుగా ప్రాక్టీసు చేసుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టే చెప్పింది. తాను కూర్చున్న ప్రభుత్వమే తనకు బిల్లు చెల్లిస్తోందా అన్నదే చూడాలి.

9బి ఖాళీగా వదిలేసి ఉంటే అదీ గీసుకోండి. ఏ కాలమూ ఖాళీగా ఉండకూడదు, లేకపోతే "లేదు" అని రాయాలి.

చివరగా, ఆ పని ఇచ్చిన శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఒప్పందం తేదీ, పని పూర్తయిన తేదీ, ఈ రెండే అడగండి. కథ రాస్తే జవాబు దాటేస్తారు. మన జిల్లాలో తెలుగులో రాస్తే కుదరదు, ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ రాయాలి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. అది చేతికొచ్చేదాకా వాట్సాప్‌లో ఏమీ పెట్టకండి.