పెట్టెలో మిక్సీ సర్దే ముందు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి పిల్లలు చదువుకోసమో, తల్లిదండ్రులు కూతురి పురిటికోసమో అమెరికా బయలుదేరేటప్పుడు ఆవకాయ, గోంగూర, కారప్పొడి సర్దిన తరువాత పెట్టెలో మిగిలిన జాగాలో మిక్సీయో, రైస్ కుక్కరో, ఇస్త్రీ పెట్టెయో చేరుతుంది. దానికి తోడుగా విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక ప్లగ్ అడాప్టర్ కొంటారు. అడాప్టర్ ఉంది కనుక ఏ వస్తువైనా పనిచేస్తుందని అనుకోవడమే చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది. వోల్టేజీని ఒక్క వోల్టు కూడా మార్చదు.

మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. హెర్ట్జ్ అంటే కరెంటు దిశ మారుతూ సెకనుకు ఎన్ని చుట్లు పూర్తిచేస్తుందో చెప్పే లెక్క. అమెరికా, కెనడాల్లో గోడ సాకెట్టులో ఉండేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపానులో 100 వోల్టులు మాత్రమే. పైగా అక్కడ టోక్యో ఉన్న తూర్పు భాగంలో 50 హెర్ట్జ్, ఒసాకా ఉన్న పడమటి భాగంలో 60 హెర్ట్జ్. ఇంగ్లండు, జర్మనీ, ఆస్ట్రేలియా, సింగపూర్, దుబాయి వెళ్లేవారికి ఈ బెడద లేదు. అక్కడ వోల్టేజీ మనదే, పిన్నులే వేరు. కనుక సరిపడా ఆంపియర్లు మోయగల మంచి అడాప్టర్ తీసుకుంటే చాలు. ఇక్కడి నుంచి చెప్పేదంతా ప్రధానంగా అమెరికా ప్రయాణికుల కోసం.

ముందుగా చేయవలసిన పని వస్తువును తిరగేసి, అడుగునో వెనకనో ఉన్న రేటింగ్ ప్లేటు చదవడం. ఫోను ఛార్జరు మీద, ల్యాప్‌టాప్ ఛార్జరు ఇటుక మీద బూదరంగు అక్షరాలు చాలా చిన్నవిగా ఉంటాయి. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే తేలికగా చదవవచ్చు. అందులో ‘ఇన్‌పుట్’ అనే మాట పక్కన 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఆ వస్తువు ప్రపంచంలో దాదాపు ఎక్కడైనా పనిచేస్తుంది, దానికి అడాప్టర్ ఒక్కటే చాలు. ‘అవుట్‌పుట్’ అని ఉన్న 5 వోల్టులో, 19 వోల్టులో చూసి కంగారు పడనక్కరలేదు, అది ఫోనుకో ల్యాప్‌టాప్‌కో అందే వోల్టేజీ. ప్లేటు మీద 230 అనో, 220-240 అనో మాత్రమే ఉంటే ఆ వస్తువు ఇంట్లో ఉండవలసినదే. పెద్దవాళ్ల కోసం నెబ్యులైజర్ తీసుకువెళ్లేవారు ఈ ప్లేటును మరీ శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే కంప్రెసర్‌తో నడిచే నెబ్యులైజర్లలో 230 వోల్టులకే పనిచేసేవి ఉన్నాయి. ఆయాసం వచ్చిన రాత్రి ఆ సంగతి తెలుసుకోవడం మంచిది కాదు.

వేడి పుట్టించే వస్తువుల లెక్క సులువు. వోల్టేజీ సగానికి తగ్గితే వేడి సగానికి కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. ఇక్కడ 1000 వాట్లు ఇచ్చే ఇస్త్రీ పెట్టె 120 వోల్టుల దగ్గర సుమారు 270 వాట్లు ఇస్తుంది. 700 వాట్ల రైస్ కుక్కరు 190 వాట్ల దగ్గర ఆగుతుంది. దానివల్ల ప్రమాదమేమీ లేదు కానీ, బియ్యం నీళ్లలో నానుతూ కూర్చుంటాయే తప్ప అన్నం కాదు. అటువంటి కుక్కర్లు అక్కడ సరసమైన ధరకే దొరుకుతాయి. ఇండక్షన్ స్టవ్ అయితే ఆ వోల్టేజీ దగ్గర చాలావరకు ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది.

మోటారు ఉన్న వస్తువుల్లో మిక్సీ ఒక రకం, గ్రైండరు మరో రకం. మిక్సీలో ఉండేది కార్బన్ బ్రష్‌లున్న యూనివర్సల్ మోటారు. అది 120 వోల్టుల మీద తిరుగుతుంది కానీ నీరసంగా తిరుగుతుంది. ఉత్త జారు పెట్టి చూసినప్పుడు పరవాలేదనిపించి, కొబ్బరి ముక్కలు, పచ్చిమిర్చి వేయగానే గొణిగి ఆగిపోతుంది. వెట్ గ్రైండరులో ఉండేది ఇండక్షన్ మోటారు. రాయి బరువు మీద పడి ఉండగా సగం వోల్టేజీ ఇస్తే అది కదలకుండా హమ్‌మని మోగుతూ, నానాటికీ కాదు, నిమిషాల్లోనే వేడెక్కి కాయిలు కాల్చుకుంటుంది. మన పల్లెల్లో లోవోల్టేజీ రాత్రుల్లో మోటార్లు కాలిన వైనం తెలిసినవారికి ఇది కొత్త కాదు.

ఇంట్లో ఫ్రిజ్‌కు పెట్టుకున్న స్టెబిలైజరును తీసుకువెళితే సరిపోదా అని అడిగినవారు ఉన్నారు. సరిపోదు. స్టెబిలైజరు 230కి కాస్త అటూ ఇటూ ఊగే వోల్టేజీని సర్దుతుంది. 120 వోల్టులు దాని పరిధిలోకే రావు. కావలసింది 120 వోల్టులను మన 230కి పెంచే స్టెప్‌అప్ ట్రాన్స్‌ఫార్మర్. 750 వాట్ల మిక్సీకి 750 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కొనకూడదు, మోటారు మొదలయ్యే క్షణంలో అంతకు మించి కరెంటు లాగుతుంది కనుక రెట్టింపు, అంటే 1500 వాట్లది తీసుకోవాలి. అది కొన్ని కిలోలు తూగుతుంది. పైగా అక్కడి మామూలు సాకెట్టు సర్క్యూట్ 15 ఆంపియర్లది, అంటే మొత్తం 1800 వాట్లు. ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ నడపాలంటే గోడ దగ్గర దాదాపు 17 ఆంపియర్లు కావాలి, బ్రేకరు పడిపోతుంది. వాడకం అయిపోగానే ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్ తీసివేయాలి, లేకపోతే ఊరికే వేడెక్కుతూ కరెంటు తింటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది, హెర్ట్జ్‌ను మార్చలేదు. మిక్సీకి దీనితో పేచీ లేదు. గ్రైండరు మాత్రం 60 హెర్ట్జ్ మీద అయిదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది, పిండి వేడెక్కుతుంది. నా మట్టుకు నేను ఇంత బరువు, ఇంత హంగామా దండగ అంటాను. మన కంపెనీలే అమెరికా కరెంటుకు సరిపడేలా, 110 వోల్టుల పేరుతో తయారుచేసే మిక్సీలు ఉన్నాయి. ఇక్కడ కొనేటప్పుడు ప్లేటు చదివి తీసుకోవచ్చు, అక్కడి ఇండియన్ దుకాణాల్లోనూ కొనవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌కు బదులుగా అమ్మే, తేలికగా, అరచేతిలో ఇమిడే కన్వర్టర్లు వేల వాట్లు ఇస్తామని అట్ట మీద రాసుకుంటాయి. వాటిలో చాలావరకు హీటర్లకే పనికివస్తాయి, మోటార్లకు, ఎలక్ట్రానిక్ వస్తువులకు పెట్టకూడదు.

అమెరికా ఇళ్లలో బట్టలారబెట్టే డ్రయ్యరు వెనక 240 వోల్టుల సాకెట్టు ఉంటుందని తెలిసి కొందరికి ఆశ పుడుతుంది. మన ఇంట్లో ఒక తీగ ఫేజ్, అంటే కరెంటు ఉండేది, ఒకటి న్యూట్రల్. అక్కడ ఆ 240 వచ్చేది రెండు తీగల్లోనూ కరెంటు ఉండడం వల్ల. మన వస్తువు మీది స్విచ్ ఒక తీగనే తెంచేదైతే ఆపాక కూడా లోపల 120 వోల్టులు మిగిలే ఉంటాయి. కనుక ఆ సాకెట్టు జోలికి పోకపోవడమే మేలు.

తిరుగు ప్రయాణంలో ప్రమాదం ఇంకా పెద్దది, ఎందుకంటే లెక్క తలకిందులవుతుంది. అక్కడ కొన్న 900 వాట్ల కాఫీ మేకరును 230 వోల్టులకు తగిలిస్తే ఆ క్షణాన 3300 వాట్లు లాగి కాలిపోతుంది. నేను కూడా ఒకసారి బోల్తా పడ్డాను. అక్కడి నుంచి తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ల్యాప్‌టాప్ ఛార్జరు ఒక్కటే పెడుతున్నాను, ఛార్జరు 240 వరకూ తట్టుకుంటుంది కదా అనే ధీమాతో గుంటూరులోని మా ఇంట్లో స్విచ్ వేశాను. టప్‌మని శబ్దం, కాలిన ప్లాస్టిక్ వాసన, గోడకు అరచేయంత మసి. ఛార్జరుకు ఏమీ కాలేదు. బోర్డులో సర్జ్ రక్షణకు, అంటే వోల్టేజీ హఠాత్తుగా ఎగసినప్పుడు ఆ కరెంటును తమలోంచి పారనిచ్చి వస్తువును కాపాడడానికి పెట్టిన వారిస్టర్లనే చిన్న భాగాలు 120 వోల్టుల సరఫరాకు తగినవి. 230 తగలగానే వాటిలో కరెంటు పారి, అవే మాడిపోయాయి. ఛార్జరు ప్లేటు చదివిన నేను బోర్డు ప్లేటు చదవలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో అమెరికా వస్తువు ఏది దిగినా ప్లగ్ పక్కన తీగకు తెల్ల టేపు చుట్టి, మార్కరుతో పెద్దగా 120 అని రాస్తాను. పనిమనిషి అయినా, వచ్చిపోయే చుట్టాలైనా ఆ టేపు కనిపిస్తే 230ని 120కి తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌కే పెట్టాలని తెలుసుకున్నారు.