బయోడేటాలో పేరు కింద రాసే ఒక్క వరుస

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు కర్మాగారంలో, సిబ్బంది విభాగంలో 26 ఏళ్లు పనిచేశాను. పదవీ విరమణ తర్వాత కడపలో, ఎర్రముక్కపల్లిలో ఉంటున్నాను. సాయంత్రమైతే వీధిలోని పిల్లలు బయోడేటాలు పట్టుకుని వస్తారు. మొన్న వచ్చిన అబ్బాయి ఏడు రోడ్ల కూడలి దగ్గర టైపు చేయించుకుని నేరుగా మా ఇంటికే వచ్చాడు. కాగితం పైన పెద్ద అక్షరాలతో ‘రెజ్యూమె’ అని ఉంది. దాని కింద పేరు. ఆ కింద, ఎదుగుదలకు అవకాశమున్న సంస్థలో తన నైపుణ్యాలను వినియోగించాలని ఆశిస్తున్నట్టు మూడు వరుసలు.

“నువ్వు ఏం పని చేస్తావు నాయనా?” అని అడిగాను.

“ఫిట్టర్‌ను అత్తా. సిమెంటు ఫ్యాక్టరీలో, కిల్న్ దగ్గర.” కిల్న్ అంటే ముడిసరుకును కాల్చే పెద్ద కొలిమి.

“ఆ మాట ఇందులో ఎక్కడుంది?”

వెతికి చూపించాడు. రెండో పేజీలో ఉంది.

దరఖాస్తులు ఎలా విడదీస్తారో తెలిస్తే ఈ పొరపాటు ఎవరూ చేయరు. ప్రకటన ఇచ్చిన వారంలోనే నా బల్ల మీద కాగితాలు గుట్టగా పడేవి. మొదట చదవడం ఉండదు, కుప్పలు వేయడమే. ఫిట్టర్లు ఒకవైపు, ఎలక్ట్రీషియన్లు ఒకవైపు, ల్యాబ్ వాళ్లు, అకౌంట్స్ వాళ్లు. ఏ కుప్పో వెంటనే తేలనివి ‘ఇతరులు’ అనే కట్టలోకి పోయేవి. ఆ కట్టకు పురికొస చుట్టి బీరువా మీద పెట్టేవాళ్లం. ఒక ఏడాది ఆయుధ పూజకు బీరువాలు తుడుస్తూ ఆ కట్ట విప్పాను. అందులో ఒక ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్, అంటే కొలత పరికరాలు చూసుకునే మనిషి, కాగితం దొరికింది. నాలుగు నెలలుగా మేము వెతుకుతున్నది సరిగ్గా అలాంటి మనిషి కోసమే. పేరు కింద ఆయన ‘టెక్నీషియన్’ అని మాత్రమే రాసుకున్నాడు. ఫోన్ చేస్తే, బళ్లారి వైపు ఉక్కు కర్మాగారంలో చేరి రెండు నెలలైందన్నాడు. తప్పు నాదీ ఉంది, రెండో పేజీ తిప్పలేదు. ఆ రోజు నుంచి పేరు కింది వరుస గురించి అడిగిన వారికీ అడగని వారికీ చెబుతూనే ఉన్నాను.

కాబట్టి ముందుగా ‘రెజ్యూమె’, ‘బయోడేటా’ అనే మాటలను పైనుంచి తీసేయండి. చేతిలో ఉన్నదేమిటో చూసేవాళ్లకు తెలుసు. కాగితంలో అన్నిటికంటే ముందు కంటపడే చోటు అది, అక్కడ మీ పేరు ఉండాలి. దాని కిందే, కొంచెం చిన్న అక్షరాల్లో, మీ వృత్తి పేరు.

ఆ వృత్తి పేరును మీరు సొంతంగా కల్పించకండి. మీరు చేరాలనుకునే ఉద్యోగానికి వచ్చిన ప్రకటనలు ఐదారు తెచ్చుకుని ముందు పెట్టుకోండి. ఒకరు ‘మెకానికల్ ఫిట్టర్’ అంటారు, ఇంకొకరు ‘మెయింటెనెన్స్ ఫిట్టర్’ అంటారు, మరొకరు ‘టెక్నీషియన్, మెకానికల్’ అంటారు. పని ఒకటే అయినా, ఎవరికి పంపుతున్నారో వారు వాడిన మాటే మీ కాగితం మీద ఉండాలి. పెద్ద సంస్థల్లో ఇప్పుడు దరఖాస్తులను మనిషి కంటే ముందు కంప్యూటర్ జల్లెడ పడుతోంది. అది వెతికేది ప్రకటనలోని మాటల కోసమే. కుదించిన మాట వాడితే పూర్తి మాట కూడా కాగితంలో ఎక్కడో ఒకచోట ఉండాలి.

ఇక అసలు సంగతి. ‘ఫిట్టర్’ అని రాస్తే కుప్పలోకి చేరతారు, కానీ ఆ కుప్పలో నలభై మంది ఉంటారు. ఏ ఫిట్టర్? సిమెంటు కిల్న్‌లో ముడిసరుకు దాదాపు 1450 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుతుంది. లోపలి ఇటుక మార్చడానికి కిల్న్‌ను ఆపారంటే, ఉన్న కొద్ది రోజుల్లోనే టైర్లు (కిల్న్ చుట్టూ ఉండే ఉక్కు వలయాలు), రోలర్లు, సీళ్లు అన్నీ చూసుకోవాలి. కిల్న్ ఆగిన ప్రతి రోజూ ఉత్పత్తి ఉండదు. అలాంటి షట్‌డౌన్లలో పనిచేసిన ఫిట్టర్‌కూ, ప్యాకింగ్ ప్లాంటు ఫిట్టర్‌కూ ప్లాంటు అధికారి దృష్టిలో చాలా తేడా ఉంటుంది. అందుకే వృత్తి పేరు పక్కన మీరు ఏ యంత్రం మీద, ఎన్నాళ్లు చేశారో రాయండి. ఆ అబ్బాయికి రాసిచ్చింది ఇది:

‘మెకానికల్ ఫిట్టర్ – సిమెంటు కిల్న్, కన్వేయర్ నిర్వహణ – 3 ఏళ్లు’

అంతే. “కష్టపడి పనిచేసేవాడినని కూడా రాయండి అత్తా” అన్నాడు. వద్దన్నాను. సోమరినని రాసుకునేవారు ఎవరూ ఉండరు కాబట్టి, ఆ మాటతో ఏ దరఖాస్తునూ విడదీయలేం. మూడేళ్లు కిల్న్ దగ్గర నిలబడ్డాడంటే కష్టం అందులోనే ఉంది.

అనుభవం లేనివాళ్లు ‘ఫ్రెషర్’ అని రాసుకుంటారు. నాకు బాధగా ఉంటుంది. లేనిదాన్ని పేరు కిందే చాటుకోవడం ఎందుకు? యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎంకాం ముగించిన అమ్మాయి ఒకతె అలాగే రాసుకుని వచ్చింది. కదిపితే తెలిసింది, చదువుకుంటూనే ప్రొద్దుటూరులో ఒక నగల దుకాణానికి ఎనిమిది నెలలు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు ఎక్కించింది. జీఎస్టీ రిటర్నుల మాట అడిగాను. జీఎస్టీఆర్-1 కోసం అమ్మకాల వివరాలు సిద్ధం చేసేది తానేనని, పన్ను లెక్క తేల్చే 3బీ రిటర్ను మాత్రం ఆడిటర్ వేసేవారని చెప్పింది. “అయితే 3బీ ప్రస్తావన వద్దమ్మా” అన్నాను. ‘జీఎస్టీ నిపుణురాలు’ అని పెట్టుకోవాలని ఉంది ఆమెకు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. చివరికి ‘అకౌంట్స్ అసిస్టెంట్ – టాలీ, జీఎస్టీఆర్-1 వివరాల తయారీ’ అని పెట్టాం. ఆ వరుసలో ప్రతి మాటకూ ఆమె దగ్గర జవాబు ఉంది.

కొన్ని పేర్లు చట్టం కాపలా కాసేవి. ఛార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థలో సభ్యత్వం లేకుండా సీఏ అని రాసుకోవడం 1949 నాటి చట్టం ప్రకారం నేరం. సీఏలో ఇంటర్ దశ మాత్రమే పాసైతే ‘సీఏ ఇంటర్ ఉత్తీర్ణత’ అనే రాయాలి. ఫార్మసీ కౌన్సిల్లో పేరు నమోదు కాకముందే ‘రిజిస్టర్డ్ ఫార్మసిస్టు’ అని రాసుకోకూడదు. నర్సులకూ ఇదే వర్తిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని సంస్థలు ఇచ్చే హోదా పేర్లు బయటివారికి అర్థం కావు. ‘ఎగ్జిక్యూటివ్, గ్రేడ్ 2’ అంటే అతను స్టోర్స్ చూస్తాడా, జీతాల లెక్క చూస్తాడా? పేరు కింది వరుసలో అందరికీ తెలిసిన మాట, ‘స్టోర్స్ ఇన్‌ఛార్జి’ లాంటిది, రాయండి. లోపల అనుభవం వివరాల్లో మాత్రం సంస్థ ఇచ్చిన హోదాను అక్షరం మార్చకుండా ఉంచండి. చేరేముందు కొత్త సంస్థ వాళ్లు పాత సంస్థ ఇచ్చిన రిలీవింగ్ లెటర్‌తో పోల్చి చూస్తారు. అక్కడ తేడా వస్తే, చేతికొచ్చిన ఉద్యోగం ఆగిపోయిన సందర్భాలు నా కళ్లారా చూశాను. సూపర్‌వైజర్‌గా చేసి మేనేజర్ అని రాసుకున్నవాళ్ల విషయంలోనూ అంతే జరిగింది.

పొడవు ఎంత అని అడుగుతారు. లింక్డ్‌ఇన్‌లో ఈ వరుసకు 220 అక్షరాల దాకా చోటిస్తారు, అక్కడ కాస్త విస్తరించవచ్చు. కాగితం మీద మాత్రం ఒక్క వరుస దాటకూడదు. దాన్ని పేజీ పైఅంచున హెడర్‌లోనో, రంగు డబ్బాలోనో పెట్టకండి. కొన్ని కంప్యూటర్ వ్యవస్థలు అక్కడి అక్షరాలను చదవలేవు. డీటీపీ సెంటర్‌లో అందంగా ఉంటుందని డబ్బా గీస్తామంటారు, వద్దని చెప్పండి.

రాశాక, కింది భాగమంతా అరచేత్తో మూసి, మీ పని తెలియని మనిషికి చూపించండి. “ఇతన్ని ఏ పనికి పెట్టుకోవచ్చు?” అని అడగండి. నేను మా ఆయనకు చూపిస్తాను. ఆయన జీవితమంతా బడిలో తెలుగు పాఠాలు చెప్పారు, ఫ్యాక్టరీ గేటు దాటింది లేదు. ఆయన తడుముకోకుండా చెప్పగలిగితే ఆ వరుస పనికొచ్చినట్టే. ఫిట్టర్ అబ్బాయి కాగితం చూసి, “సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసే పని” అన్నారు.

ఆ అబ్బాయి ముద్దనూరు దగ్గరి థర్మల్ విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టరు పనికీ ప్రయత్నిస్తున్నాడు. అక్కడ కిల్న్ ఉండదు, బొగ్గు మోసే కన్వేయర్లు ఉంటాయి. అందుకని ఆ ప్రతిలో కన్వేయర్‌ను ముందుకు తెచ్చి, కిల్న్‌ను వెనక్కి జరిపాం. రెండు ఫైళ్లకూ తన పేరు, పక్కనే ‘ఫిట్టర్-కిల్న్’, ‘ఫిట్టర్-కన్వేయర్’ అని పేర్లు పెట్టించాను. అంతకుముందు ఆ ఫైలు పేరు ‘కొత్తది ఫైనల్ 2’ అని ఉండేది.