మన బండి బ్రేకులు, తక్కువ ఖర్చులో – 3వ పాఠం: బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక ఎవరూ రావడం లేదని అద్దంలో రెండుసార్లు చూసుకుని, 60 వేగంలో బ్రేకు పెడల్ పూర్తిగా తొక్కి చూడమన్నాను. ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండైతే పాదం కింద దడదడమని కొట్టుకోవాలి. లేని పాత బండైతే చక్రాలు పట్టేసి టైర్లు కీచుమనాలి. (2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకి ఏబీఎస్ తప్పనిసరి. నా 2011 మోడల్ హ్యాచ్‌బ్యాక్‌కి లేదు.)

మీ బండి అలా చేసిందా? అయితే మీ బ్రేకులకి బలం సరిపోతోంది. ఇంకా పెద్ద డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు) బిగించినా ఆ ఒక్కసారి ఆగడంలో అడుగు దూరం కూడా తగ్గదు. చక్రం ఇప్పటికే పట్టేసింది కదా, ఇక జారకుండా ఆపాల్సింది టైరు. అందుకే రెండో పాఠం మొత్తం టైర్ల మీదే నడిపాను. మంచి టైరు, పొడి తారు రోడ్డు ఉంటే 60 వేగం నుంచి సుమారు 18 మీటర్లలో, 100 నుంచి సుమారు 49 మీటర్లలో బండి ఆగుతుంది. బ్రేకు మీద కాలు పడ్డ తర్వాతి లెక్క ఇది. కాలు పడటానికి పట్టే సెకను అదనం. 100 వేగంలో ఆ సెకనులోనే 28 మీటర్లు పోతాం.

ఎంత తొక్కినా చక్రం పట్టలేదంటే ముందు బూస్టర్ (మన కాలి బలాన్ని పెంచే భాగం) చూడండి. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే నొక్కి ఉంచి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టే. దిగకపోతే ఈ పాఠంలో చెప్పేవి తర్వాత చేయొచ్చు, ముందు దాన్ని మెకానిక్‌కి చూపించండి.

మరి టైరే ఆపుతుంటే ప్యాడ్లకీ (డిస్కుని రెండువైపులా నొక్కి పట్టే పలకలు) ఆయిల్‌కీ డబ్బు పెట్టడం దేనికి? మొదటిసారి ఆగినట్టే పదోసారి, ఇరవయ్యోసారి కూడా ఆగడానికి. అసలు పరీక్ష ఘాట్ రోడ్డు మీదే.

తిరుమల నుంచి కిందికి దిగడమే తీసుకుందాం. కొండకీ ఊరికీ ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు. నలుగురు మనుషులు, సామానుతో చిన్న కారు 1200 కిలోలు అనుకుంటే, దిగేసరికి వదిలించుకోవాల్సిన శక్తి 8,200 కిలోజూళ్ల పైమాటే. అదే బండి 100 వేగం నుంచి ఒక్కసారి ఆగితే పుట్టే వేడి 463 కిలోజూళ్లు. అంటే ఒక్క కొండ దిగడం, 100 వేగం నుంచి పద్దెనిమిది సార్లు ఆగడంతో సమానం. న్యూట్రల్‌లో దిగితే గాలి, టైర్లు తినే కాస్త పోగా ఆ వేడంతా బ్రేకుల మీదే పడుతుంది, అందులోనూ ఎక్కువ భాగం ముందు డిస్కుల మీద. రెండో గేరులో దిగితే చాలా భాగం ఇంజనే తీసుకుంటుంది. బ్రేకులకి ఇంతకన్నా చవకైన అప్‌గ్రేడ్ లేదు, పైసా ఖర్చు లేదు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసేవాళ్లు ఒకటి గమనించాలి. ఈ కాలం ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కి మాత్రం తాగుతూనే ఉంటాయి.

వేడెక్కిన బ్రేకు రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఈ రెండిటి తేడా పాదంతో గుర్తుపట్టడమే ఇవాళ్టి పాఠంలో ముఖ్యమైన విద్య.

ఒకటి, పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది, ఎంత తొక్కినా బండి మాత్రం జారుకుంటూ పోతుంది. ఇది ప్యాడ్ల తప్పు. ప్యాడ్‌లోని పొడులని అతికించి ఉంచే రెసిన్ అతిగా వేడెక్కి పట్టు పోతుంది. కాలిన వాసన కూడా వస్తుంది. రెండోది, పెడల్ మెత్తబడి అడుక్కి దిగిపోతుంది. ఇది ఆయిల్ తప్పు. ఆయిల్‌లో చేరిన నీరు మరిగి ఆవిరి బుడగలవుతుంది. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు కాబట్టి మన కాలి బలం చక్రం దాకా వెళ్తుంది. ఆవిరి నలిగిపోతుంది, బలం బుడగల దగ్గరే ఆగిపోతుంది. బండి చల్లబడ్డాక పెడల్ మళ్లీ మామూలుగా ఉంటుంది కాబట్టి, కొండ కిందికొచ్చి మెకానిక్‌కి చూపిస్తే 'బానే ఉంది కదండీ' అంటాడు. ఆయన తప్పు కాదు, అప్పటికి సాక్ష్యం చల్లారిపోయింది.

రెండోదే భయంకరం, బాగు చేయడానికి అయ్యే ఖర్చు మాత్రం దానికే తక్కువ. అందుకే ఆయిల్‌తో మొదలుపెడదాం.

బ్రేక్ ఆయిల్ అని పిలుస్తాం గానీ అది నూనె కాదు. గ్లైకాల్ రకం ద్రవం, గాలిలో తేమని పీల్చుకోవడం దాని గుణం. సీసా మీద డాట్ అని ఉండే అంకె దాని రకం చెబుతుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరితే 140కే మరగొచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. డాట్ 5.1కి 260, 180. అంటే మూడు నాలుగేళ్లు మార్చని డాట్ 4, కొత్త డాట్ 3 కన్నా నాసి. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో రెండేళ్లకోసారి మార్చాలన్న మాటని అసలు దాటనివ్వద్దు.

డాట్ 3 రాసున్న బండిలో డాట్ 4 పోయొచ్చు, 5.1 కూడా పోయొచ్చు. ఒట్టి 5 అని ఉన్నది మాత్రం ముట్టుకోవద్దు. అది సిలికాన్ రకం, మిగతా వాటితో కలవదు. అంకె పెద్దదని ఎగబడి కొనేది దాన్నే. వీధి బండికి డాట్ 4 చాలు. అర లీటరు సీసాలు సీలుతో ఉన్నవి రెండు కొనండి, రెండూ కలిపి ఐదారు వందల్లో వస్తాయి. పోయినేడు మూత తీసి అటక మీద పెట్టిన సీసా వాడొద్దు, అది ఈపాటికి బాగా తేమ తాగి ఉంటుంది.

ఆయిల్ మార్చడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ దగ్గర, ఒకరు చక్రం దగ్గర. పాత సిరంజీతో బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఉన్న నల్లటి ఆయిల్ చాలావరకు లాగేసి, కొత్తది నింపండి. తర్వాత మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే భాగం) దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి. కుడివైపు స్టీరింగ్ ఉన్న మన బండ్లలో మామూలుగా అది వెనక ఎడమ చక్రం. తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. కొన్ని కంపెనీలు వేరే వరుస చెబుతాయి, మీ బండి మాన్యువల్లో ఏదుంటే అదే చేయండి.

బ్లీడర్ నిపుల్‌కి (చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే చిన్న మర) సన్నటి పారదర్శక ట్యూబ్ తొడిగి, రెండో కొస కొద్దిగా ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. పానా ఎనిమిదో, పదో సైజు రింగుది కావాలి. మామూలు పానాతో తిప్పితే నిపుల్ అంచులు అరిగిపోతాయి, తర్వాత ఏడవాల్సొస్తుంది. మా ఇంట్లో పెడల్ డ్యూటీ మా బావమరిదిది. మొదట్లో మాటలు సరిగా లేక రెండుసార్లు గాలి పట్టింది. ఇప్పుడు ఇలా నడుస్తుంది:

'నొక్కు.'

'నొక్కాను బావా.'

నేను పావు మలుపు వదులు చేస్తాను. పెడల్ కిందికి పోతుంది, ట్యూబులో నల్లటి ఆయిల్ వస్తుంది.

'అడుక్కి పోయింది బావా, వదలనా?'

'ఉండు, ఉండు... బిగించాను. ఇప్పుడు వదులు.'

కీలకం ఆ ఆఖరి మాటలోనే ఉంది. నేను బిగించకముందే అతను వదిలితే నిపుల్ దగ్గర నుంచి గాలి లోపలికి పోతుంది. ట్యూబులో ఆయిల్ నలుపు నుంచి తేటగా మారి, బుడగలు ఆగేదాకా ఇలాగే. ప్రతి ఐదారు తొక్కులకి లేచి డబ్బా చూడండి. డబ్బా ఖాళీ అయితే మొత్తం పని మొదటికొస్తుంది. ఏబీఎస్ బండిలో అయితే గాలి దాని యూనిట్‌లోకి పోయి, తీయడానికి స్కానర్ ఉన్న వర్క్‌షాప్‌కి వెళ్లాల్సి రావచ్చు. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

ఇక ప్యాడ్లు. చిన్న కార్లకి ముందు సెట్ సుమారు వెయ్యి నుంచి రెండు వేల దాకా. కొనేముందు ప్యాడ్ అంచు మీద అచ్చువేసిన రెండు ఇంగ్లిష్ అక్షరాలు వెతకండి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడిలో పట్టు. 'ఈ' (E) అక్షరం అంటే పట్టు అంకె (రాపిడి గుణకం) 0.25 నుంచి 0.35, 'ఎఫ్' (F) అంటే 0.35 నుంచి 0.45, 'జీ' (G) అంటే 0.45 నుంచి 0.55. మీకు కావాల్సింది కనీసం ఎఫ్ ఎఫ్. అక్షరాలే లేని ప్యాడ్‌ని సగం ధరకిచ్చినా వద్దనండి. రెండు ఎఫ్ ఎఫ్ ప్యాడ్లు ఒకేలా ఉంటాయని కాదు, ఆ మెట్టులో ఎక్కడైనా ఉండొచ్చు. అయినా అసలేమీ తెలియని దానికన్నా నయం. రేసింగ్ ప్యాడ్ల జోలికి పోవద్దు. అవి వేడెక్కితేగానీ పట్టవు. పొద్దున్నే స్కూలు పిల్లల మధ్య నుంచి పోయే బండికి మొదటి తొక్కుకే పట్టాలి.

బండిని చదునైన చోట ఆపి, వెనక చక్రాలకి రెండువైపులా చెక్క దిమ్మలు పెట్టండి. నట్లు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి పెట్టొద్దు. ఒకేసారి రెండు చక్రాలూ విప్పకండి. ఏ క్లిప్పు ఎటు ఉందో మర్చిపోతే చూసుకోడానికి రెండోవైపు అలాగే ఉండాలి. క్యాలిపర్‌ని (ప్యాడ్లని పట్టుకుని డిస్కుకి నొక్కే భాగం) హోస్ అనే ఆయిల్ గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో సస్పెన్షన్‌కి కట్టండి. క్యాలిపర్‌లో ప్యాడ్‌ని తోసే పిస్టన్‌ని పాత ప్యాడ్ అడ్డం పెట్టి సీ క్లాంపుతో మెల్లగా లోపలికి నొక్కండి. అప్పుడు డబ్బాలో ఆయిల్ పైకి లేస్తుంది, పొంగకుండా ఒక కన్ను వేసి ఉంచండి. దుమ్ముని నోటితో ఊదొద్దు, తడి గుడ్డతో తుడవండి.

డిస్కు మీద లేదా దాని అంచున కనీస మందం మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. అంచు దగ్గర అరగని గట్టు ఉంటుంది కాబట్టి మామూలు వెర్నియర్‌తో కొలిస్తే మందం ఎక్కువ చూపిస్తుంది. గట్టుకి లోపల కొలవాలి. కనీసానికి దగ్గరైతే లేత్ మీద సాపు చేయించడం దండగ, డిస్కులు మార్చేయండి, రెండూ ఒకేసారి.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. క్యాలిపర్ జారే పిన్నులు ఎండిపోయి ఉంటే, చేతికందిన వీల్ బేరింగ్ గ్రీజు రాసేశాను. నాలుగు నెలలకి బండి ఎడమకి లాగడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే పిన్ను రబ్బరు ఉబ్బిపోయి పిన్నుని పట్టేసింది. లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగింది, బయటిది దాదాపు కొత్తగానే ఉంది. పెట్రోలియం గ్రీజు ఆ రబ్బరుకి పడదు. బ్రేకుల కోసం అమ్మే సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు కొనండి. నిజానికి చాలా పాత బండ్లలో పట్టు తగ్గడానికి కారణం ప్యాడ్లు కాదు, బిగుసుకుపోయిన ఈ పిన్నులే. చేత్తో లాగితే ఇటూ అటూ సులువుగా జారాలి.

బిగించడం అయ్యాక, బండి కదిలించక ముందు, పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. మర్చిపోతే మొదటి తొక్కు నేరుగా అడుక్కి పోతుంది, గేటు ఎదురుగా ఉంటుంది. తర్వాత ఆయిల్ మట్టం చూసుకోండి.

కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకోవాలి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి ఓ మోస్తరు గట్టిగా తగ్గించండి, పూర్తిగా ఆగొద్దు. కాసేపు నడిపి మళ్లీ. ఇలా ఎనిమిది పది సార్లు. చివర్లో కాస్త వాసన రావచ్చు, కంగారు పడకండి. ఆ తర్వాత పది నిమిషాలు బ్రేకు తక్కువ వాడుతూ నడిపి చల్లార్చండి. వేడి మీద ఆగి పెడల్ నొక్కి పట్టుకుంటే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడి, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. 'డిస్కు వంగింది' అని వచ్చే చాలా బండ్ల జబ్బు ఇదే.

మొత్తం ఖర్చు మూడు వేల లోపు. చిల్లుల డిస్కులు, రంగు క్యాలిపర్లు కొనాలని మనసు లాగితే ఈ మూడు వేలది అయ్యాక ఆలోచించండి. చిల్లుల దగ్గర పగుళ్లు మొదలవుతాయి కూడా.

వచ్చే పాఠం వెనక డ్రమ్ముల మీద. అప్పటికి మీరు చేయాల్సినవి: డబ్బాలో ఆయిల్ రంగు, చివరిసారి మార్చిన తేదీ రాసుకోండి. ముందు డిస్కులు గట్టుకి లోపల కొలవండి. హ్యాండ్ బ్రేక్ ఎన్ని క్లిక్కులకి పడుతోందో లెక్కపెట్టండి. ఏడెనిమిది దాటితే ముందే తీగ బిగించేయొద్దు, ఆగండి. డ్రమ్ము లోపల లైనర్లు అరిగాయా, అడ్జస్టర్ పట్టేసిందా చూశాకే తీగ ముట్టుకోవాలి.